షార్ట్‌స్టాప్ చోటు నుంచే జట్టును నడిపిన లూ బూడ్రో

క్రికెట్ చూస్తూ పెరిగినవాళ్లకు బేస్‌బాల్‌లో మొదట వింతగా తోచేది మేనేజరే. ఫీల్డింగ్ ఎక్కడ పెట్టాలి, బౌలర్‌ని ఎప్పుడు మార్చాలి అన్నవి క్రికెట్‌లో మైదానంలో ఉన్న కెప్టెన్ చూసుకుంటాడు. బేస్‌బాల్‌లో ఆ పనంతా మైదానం అంచున డగౌట్‌లో (జట్టు బెంచీ ఉండే చోట) కూర్చున్న మేనేజర్‌ది. కెప్టెన్ అన్న హోదా కొన్ని జట్లలో ఉన్నా అది గౌరవం వరకే. 20వ శతాబ్దం తొలి సగంలో మాత్రం ఆడుతూనే జట్టును నడిపే ప్లేయర్-మేనేజర్లు తరచుగా కనిపించేవారు. అలా ఆడుతూ వరల్డ్ సిరీస్ (రెండు పెద్ద లీగ్‌ల విజేతల మధ్య జరిగే ఫైనల్) గెలిచిన ఆఖరి మనిషి లూ బూడ్రో. 1948లో క్లీవ్‌లాండ్ ఇండియన్స్‌కి అతనే షార్ట్‌స్టాప్, అతనే మేనేజర్, లీగ్ మొత్తానికి ఆ ఏటి మేటి ఆటగాడూ అతనే. ఆ తర్వాత వేరే మూడు జట్లకు మేనేజర్‌గా పనిచేశాడు గానీ ఒక్కదాన్నీ పైకి తేలేకపోయాడు. ఈ రెండూ ఒకే మనిషి లెక్కలో ఎలా ఇమిడాయో తెలియాలంటే ముందు షార్ట్‌స్టాప్ చోటు సంగతి తెలియాలి.

క్యాచర్ (మన వికెట్ కీపర్‌లాంటివాడు) వెనక నిలబడి చూస్తే కుడిచేతి వైపు ఫస్ట్ బేస్, ఎదురుగా దూరంగా సెకండ్ బేస్, ఎడమవైపు థర్డ్ బేస్. బేస్‌కీ బేస్‌కీ మధ్య 90 అడుగులు. సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడేవాడు షార్ట్‌స్టాప్. అతనికంటూ కాపలా కాయాల్సిన బేస్ లేదు. కుడిచేతి బ్యాటర్ బలంగా లాగి కొట్టిన బంతి సహజంగా అటే వెళ్తుంది, మన మిడ్‌వికెట్ వైపు వెళ్లినట్టు. కాబట్టి నేల మీద దొర్లుతూ వచ్చే బంతుల్లో పెద్ద వాటా షార్ట్‌స్టాప్‌కే పడుతుంది.

పట్టుకుంటే పని అయిపోదు. కుడిచేతి బ్యాటర్ ఫస్ట్ బేస్ చేరడానికి దాదాపు 4.3 సెకన్లు తీసుకుంటాడు. ఆలోగా బంతి అక్కడికి చేరితే అతను అవుట్, కాబట్టి షార్ట్‌స్టాప్ బంతి దగ్గరికి వెళ్లాలి, అందుకోవాలి, గ్లవ్‌లోంచి చేతిలోకి తీసుకోవాలి, విసరాలి. థర్డ్ బేస్ వైపు లోతుగా వెళ్లి పట్టుకుంటే విసరాల్సిన దూరం 120 అడుగులు దాటుతుంది. గంటకు 80 మైళ్ల వేగంతో విసిరినా ఆ ప్రయాణానికే ఒక సెకను పైచిలుకు పోతుంది. గ్లవ్‌లో బంతి వేళ్లకు సరిగా దొరక్క అర సెకను తడబడితే బ్యాటర్ బతికిపోయినట్టే. ఎడమచేత్తో విసిరేవాళ్లు ఈ చోట కనిపించకపోవడానికి కారణమూ ఈ లెక్కే. పట్టాక ఒళ్లంతా తిప్పి విసరాల్సి వస్తే ఆ సమయం ఎక్కడా పూడదు.

ఇక బుర్రతో చేసే పని. పిచ్చర్‌కి (బంతి వేసేవాడికి) క్యాచర్ వేళ్లతో ఇచ్చే సైగ ఆ రోజుల్లో షార్ట్‌స్టాప్‌కి నేరుగా కనిపించేది. వేగంగా వచ్చే ఫాస్ట్‌బాల్ పడుతుందో, వంపు తిరిగే కర్వ్ పడుతుందో ముందే తెలిసేది కాబట్టి బంతి ఎటు రావచ్చో అంచనా కట్టి ఒక అడుగు అటు ఒరిగే వీలుండేది. మరీ ముందుగా ఒరిగితే బ్యాటర్ అది చూసి రాబోయే బంతిని పసిగడతాడు, ఆలస్యమైతే ఒరిగీ లాభం లేదు. పిచ్చర్ చెయ్యి పైకి లేచాక కదలడమే అసలు కిటుకు. ఫస్ట్ బేస్‌లో రన్నర్ ఉన్నప్పుడు అతను సెకండ్ బేస్ దొంగిలించబోతే (బ్యాటర్ కొట్టకుండానే అటు పరుగెత్తబోతే) అక్కడికి షార్ట్‌స్టాప్ వెళ్లాలా, సెకండ్ బేస్‌మన్ వెళ్లాలా అన్నది బంతి బంతికీ తేలాలి. అందుకే షార్ట్‌స్టాప్ గ్లవ్‌ని మొహానికి అడ్డం పెట్టుకుని, జోడీ ఆటగాడికి మాత్రమే కనబడేలా నోరు తెరుస్తాడు లేదా మూస్తాడు. మూస్తే 'నేను', తెరిస్తే 'నువ్వు' అని సాధారణ వాడుక. కొన్ని జట్లు దాన్ని తిరగేసి వాడతాయి. అవుట్‌ఫీల్డ్ నుంచి వచ్చే విసురుని మధ్యలో అందుకుని ఎక్కడికి పంపాలో తేల్చేదీ చాలాసార్లు ఇతనే. షార్ట్‌స్టాప్‌లలోంచి మేనేజర్లు పుట్టుకురావడంలో పెద్ద వింతేమీ లేదు, సగం ఉద్యోగం వాళ్లు అప్పటికే చేస్తుంటారు.

బూడ్రో 1917 జూలై 17న చికాగో పక్కనున్న హార్వీ పట్టణంలో పుట్టాడు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో బాస్కెట్‌బాల్, బేస్‌బాల్ రెండు జట్లకూ కెప్టెన్. చదువుకుంటుండగానే క్లీవ్‌లాండ్‌తో ఒప్పందం కుదుర్చుకోవడంతో కాలేజీ ఆటలకు అనర్హుడయ్యాడు. 1938 సెప్టెంబర్‌లో పెద్ద లీగ్‌లో అడుగుపెట్టేనాటికి అతను ఆడే చోటు థర్డ్ బేస్. క్లీవ్‌లాండ్‌లో ఆ చోట కెన్ కెల్ట్‌నర్ పాతుకుపోయి ఉన్నాడు, అతన్ని కదిలించడం అయ్యే పని కాదు. అందుకని 1939లో చిన్న లీగ్ జట్టు బఫెలోలో బూడ్రో షార్ట్‌స్టాప్ పని నేర్చుకున్నాడు. మరుసటి ఏడాది పూర్తి సీజన్ ఆడి .295 సగటుతో 101 పరుగులు రాబట్టాడు, అంటే అతని బ్యాటింగ్ వల్ల జట్టుకు వచ్చిన పరుగులవి. (హిట్ అంటే బంతి కొట్టి క్షేమంగా బేస్ చేరడం. పది అవకాశాల్లో మూడు హిట్లు కొట్టేవాడు ఈ ఆటలో చాలా మంచి బ్యాటర్ కింద లెక్క. ఆ సగటును .300 అని రాస్తారు.)

అతనికి లేనిది ఒక్కటే, వేగం. చీలమండలు ఎప్పుడూ బలహీనమే. వాటిలో కీళ్లవాపు ఉండటంతో రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం కూడా అతన్ని తీసుకోలేదు. ప్రతి ఆటకు ముందు వాటికి పట్టీలు గట్టిగా చుట్టించుకునేవాడు. నెమ్మదిగా పరిగెత్తే షార్ట్‌స్టాప్ అంటే ఈత రాని జాలరిలాంటివాడు. అయినా అమెరికన్ లీగ్ షార్ట్‌స్టాప్‌లలో తప్పులు తక్కువ చేసిన లెక్కలో ఎనిమిదిసార్లు మొదటి స్థానం అతనిదే. కాలు చేయలేని పని కన్నుతో చేశాడు. ఏ బ్యాటర్ ఏ పిచ్చర్ మీద ఎటు కొడతాడో గుర్తుపెట్టుకుని, క్యాచర్ సైగ చూసి, ముందే సరైన చోట నిలబడేవాడు. అందుకున్న బంతిని చేతిలో క్షణం కూడా ఉంచుకునేవాడు కాదు. మైదానం కూడా కలిసొచ్చింది. క్లీవ్‌లాండ్‌లో పచ్చిక చూసే ఎమిల్ బొసార్డ్ కుటుంబం షార్ట్‌స్టాప్ ముందు గడ్డిని కాస్త ఎత్తుగా, తడిగా ఉంచేది. బంతి అక్కడ వేగం తగ్గి అతని దగ్గరికి వచ్చేది. ఆతిథ్య జట్టుకు నప్పేలా పిచ్ తయారుచేయడం మనకు తెలియని విద్య కాదు కదా.

ఆ కన్ను, ఆ చెయ్యి ఎలాంటివో 1941 జూలై 17న క్లీవ్‌లాండ్‌లో 67,468 మంది కళ్లారా చూశారు. న్యూయార్క్ యాంకీస్ ఆటగాడు జో డిమాజియో వరసగా 56 ఆటల్లో కనీసం ఒక హిట్ కొడుతూ వచ్చాడు. ఆ రాత్రి కెల్ట్‌నర్ థర్డ్ బేస్ గీత దగ్గర రెండు గట్టి దెబ్బలు ఆపేశాడు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో బేస్‌లన్నీ నిండి ఉండగా డిమాజియో షార్ట్‌స్టాప్ వైపు నేలబారు బంతి కొట్టాడు. మామూలుగా వస్తున్న బంతి ఆఖరి గెంతులో ఏదో గట్టి నేల తగిలి ఎగిరింది. నడుం దగ్గర పెట్టిన చేతులు బూడ్రో మొహం ఎత్తుకు లేపాల్సి వచ్చింది. పట్టి, సెకండ్ బేస్‌లో రే మ్యాక్‌కి అందించాడు, అక్కడి నుంచి ఫస్ట్ బేస్‌కి. డబుల్ ప్లే, అంటే ఒకే బంతికి ఇద్దరు అవుట్. డిమాజియో పరంపర అక్కడితో ముగిసింది. ఆ రికార్డు ఈనాటికీ ఎవరికీ అందలేదు. ఆ రోజు బూడ్రోకి 24వ పుట్టినరోజు.

నాలుగు నెలలు దాటగానే అతను మేనేజర్ అయ్యాడు. పాత మేనేజర్ రోజర్ పెకిన్‌పా, అతనూ ఒకప్పటి షార్ట్‌స్టాపే, జనరల్ మేనేజర్‌గా పైకి వెళ్లడంతో కుర్చీ ఖాళీ అయింది. బూడ్రో ఉత్తరం రాసి ఆ ఉద్యోగం తనకిమ్మని అడిగాడు. డైరెక్టర్లలో ఎక్కువమందికి మొదట అది కుర్రతనంగా తోచింది. ఒక పెద్దాయన గట్టిగా పట్టుబట్టడంతో చివరికి ఒప్పుకున్నారు, పక్కన అనుభవమున్న కోచ్‌లను పెట్టుకోవాలన్న షరతు మీద. 1941 నవంబర్ 25న నియామకం జరిగింది. అంతకు ఏడాదిన్నర ముందు మేనేజర్ ఆస్కార్ విట్‌ని తీసేయమని యజమాని దగ్గరికి గుంపుగా వెళ్లి, పత్రికల చేత ఏడుపుగొట్టు జట్టు అనిపించుకున్నది ఈ జట్టే. వాళ్లలో చాలామంది అతనికంటే పెద్దవాళ్లు. పైగా రెండు వారాలకే పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగింది, జట్టుకు ప్రాణంలాంటి పిచ్చర్ బాబ్ ఫెల్లర్ నౌకాదళంలో చేరిపోయాడు.

యుద్ధం నాటి సీజన్ల గురించి ఎక్కువ చెప్పుకోవడానికి లేదు. 1942 నుంచి 1947 వరకు జట్టు మూడో స్థానానికీ ఆరో స్థానానికీ మధ్యే తిరిగింది. ఆటగాడిగా మాత్రం 1944లో .327తో లీగ్ బ్యాటింగ్ కిరీటం గెలిచాడు. ఆ ఏడే షార్ట్‌స్టాప్‌గా 134 డబుల్ ప్లేలలో పాలుపంచుకున్నాడు.

1946 జూలై 14న బోస్టన్ ఫెన్‌వే పార్క్‌లో ఒకే రోజు రెండు ఆటలు. మొదటి ఆటలో బూడ్రో అయిదుసార్లు బ్యాటింగ్‌కి వచ్చి నాలుగు డబుల్స్ (సెకండ్ బేస్ దాకా చేర్చే హిట్లు), ఒక హోమ్ రన్ (నాలుగు బేస్‌లూ చుట్టించే హిట్) కొట్టాడు. అయినా జట్టు 11-10తో ఓడింది, ఎందుకంటే ఎదుటి జట్టులో టెడ్ విలియమ్స్ మూడు హోమ్ రన్లు కొట్టి ఎనిమిది పరుగులు రాబట్టాడు. విలియమ్స్ ఎడమచేతి బ్యాటర్, దాదాపు ప్రతి బంతినీ కుడివైపుకే లాగేవాడు. రెండో ఆటలో విలియమ్స్ క్రీజులోకి రాగానే బూడ్రో ఫీల్డర్లను మార్చాడు. థర్డ్ బేస్ వదిలేసి కెల్ట్‌నర్ సెకండ్ బేస్ వెనక్కి వచ్చాడు. బూడ్రో తన చోటు వదిలి ఫస్ట్, సెకండ్ బేస్‌ల మధ్యకు వెళ్లాడు. సెకండ్ బేస్‌మన్ ఇంకా కుడికి, గడ్డిలోకి జరిగాడు. ఫస్ట్ బేస్‌మన్ గీతకు అంటుకుని నిలబడ్డాడు. అవుట్‌ఫీల్డ్‌లో ఇద్దరు కుడి సగానికే పరిమితమయ్యారు. మైదానం ఎడమ సగం మొత్తానికి మిగిలింది ఒక్క లెఫ్ట్‌ఫీల్డర్, అతనూ బాగా ముందుకొచ్చి నిలబడ్డాడు. విలియమ్స్ కొట్టిన నేలబారు బంతి నేరుగా బూడ్రో చేతికే వచ్చింది.

ఇది అతని సొంత ఆవిష్కరణ అనుకోవడం పొరపాటు. అయిదేళ్ల ముందే చికాగో వైట్ సాక్స్ మేనేజర్ జిమ్మీ డైక్స్ విలియమ్స్ మీద ఇలాంటిదే ప్రయోగించాడు. బూడ్రో చేసినప్పుడు మాత్రం 'బూడ్రో షిఫ్ట్' అన్న పేరు అతుక్కుపోయింది. దీని బలం ఒక లెక్కలో, ఒక మనస్తత్వంలో ఉంది. లాగి కొట్టేవాడి నేలబారు బంతులు ఎక్కువగా ఒకే వైపు వెళ్తాయి కాబట్టి మనుషుల్ని అక్కడే పెట్టడం లెక్క. ఖాళీగా కనిపిస్తున్న ఎడమవైపు కొట్టమని కవ్వించి, అతని సహజమైన ఊపుని చెడగొట్టడం మనస్తత్వం. రెండోదే తన అసలు ఉద్దేశమని బూడ్రో తర్వాత చెప్పుకున్నాడు. బలహీనతలూ ఉన్నాయి. బ్యాటర్ మూడో బేస్ వైపు మెల్లగా బంట్ పెడితే (బ్యాట్ ఊపకుండా అడ్డం పెట్టి బంతిని తాకిస్తే) ఎత్తుకునేవాడు ఉండడు. బేస్‌ల మీద రన్నర్లు ఉంటే థర్డ్ బేస్ కాపలా లేకుండా పోతుంది, డబుల్ ప్లే తిప్పేవాళ్లు అలవాటులేని కోణాల నుంచి విసరాల్సి వస్తుంది. అందుకే ఇది బేస్‌లు ఖాళీగా ఉన్నప్పుడు వేసే ఎత్తు. మొండివాడైన విలియమ్స్ చాలాకాలం ఖాళీ వైపు కొట్టనే లేదు. కొట్టిన ఒక రోజు మాత్రం గట్టిగానే కొట్టాడు. అదే ఏడు సెప్టెంబర్ 13న క్లీవ్‌లాండ్ లీగ్ పార్క్‌లో ఎడమవైపుకు లేపిన బంతి, ముందుకొచ్చి నిలబడ్డ లెఫ్ట్‌ఫీల్డర్ తల మీదుగా వెళ్లి దొర్లుతూ పోయింది. ఈలోగా విలియమ్స్ నాలుగు బేస్‌లూ చుట్టేశాడు. ఆట 1-0, ఆ ఒక్క పరుగుతోనే బోస్టన్ లీగ్ టైటిల్ ఖాయం చేసుకుంది. అతని కెరీర్‌లో బంతి మైదానం దాటకుండా వచ్చిన హోమ్ రన్ అదొక్కటే.

ఇలాంటి అమరికలకు అడ్డుకట్టగా 2023లో మేజర్ లీగ్ బేస్‌బాల్ సెకండ్ బేస్‌కి రెండు వైపులా ఇద్దరేసి ఇన్‌ఫీల్డర్లు ఉండాలని, పిచ్చర్ బంతి వేసేవరకు వాళ్ల పాదాలు గడ్డి మొదలయ్యే హద్దు దాటకూడదని నియమం పెట్టింది. క్రికెట్‌లో లెగ్ సైడ్ స్క్వేర్ వెనక ఇద్దరికి మించి ఉండకూడదన్న నియమానికి ఇది దగ్గరి చుట్టం.

1946 మధ్యలో బిల్ వీక్ జట్టును కొన్నాడు. అతనికి బూడ్రో షార్ట్‌స్టాప్‌గా కావాలి, మేనేజర్‌గా అక్కర్లేదు. 1947 చివర్లో సెయింట్ లూయిస్ బ్రౌన్స్‌కి అతన్ని ఇచ్చేసే బేరం సాగింది. వార్త పొక్కగానే ఊళ్లో గగ్గోలు పుట్టింది. ఒక పత్రిక మొదటి పేజీలోనే ఓటు చీటీ అచ్చేసి పాఠకుల అభిప్రాయం అడిగింది. వీక్ లెంపలేసుకుని బేరం వదులుకున్నాడు. మేనేజర్‌గా బూడ్రో మీద అతని అనుమానం మాత్రం పోలేదు. అతని అంచనాలో బూడ్రో లెక్కకంటే గుండెను నమ్ముకునే మనిషి. అందుకే పక్కన బిల్ మెకెక్నీ లాంటి తలపండిన కోచ్‌లను నిలబెట్టాడు. ఆ అనుమానంలో కొంత నిజం లేకపోలేదు. కానీ ఆ అమరికే ప్లేయర్-మేనేజర్ ఉద్యోగంలోని పెద్ద లోటును పూడ్చింది.

ఆ లోటు తెలియాలంటే ముందు లాభం చూడాలి. మైదానంలో నిలబడ్డవాడికి పిచ్చర్ అలసట డగౌట్ కంటే బాగా తెలుస్తుంది. బంతి చివర్లో వంపు తగ్గిందా, కిందికి రావాల్సింది నడుం ఎత్తులో తేలుతోందా అన్నది వెనక నుంచి కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. పాతిక ముప్పై అంగలు వేస్తే పిచ్చర్ నిలబడే మట్టిదిబ్బ చేరి మాట్లాడొచ్చు. అయితే తర్వాతి రెండు ఇన్నింగ్స్‌లకు ఎవరు సిద్ధం కావాలి, ఎదుటి జట్టు బెంచీ మీద ఎడమచేతి బ్యాటర్లు ఎంతమంది మిగిలారు, తను బ్యాట్ పట్టుకుని నిలబడ్డప్పుడు రన్నర్లకు సైగలు ఎవరివ్వాలి అన్నవి ఒక్క తలలో పట్టవు. పైగా సొంత బ్యాటింగ్ దెబ్బతిన్నప్పుడు తనను తాను పక్కన పెట్టుకోవడం ఎవరికైనా కష్టం. 1948లో ఆ చివరి చిక్కు రాలేదు, ఎందుకంటే ఆ ఏడు అతను .355 కొట్టాడు. 18 హోమ్ రన్లు, 106 రాబట్టిన పరుగులు, 98 వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులకు ఉచితంగా దక్కే ఫస్ట్ బేస్). మొత్తం సీజన్‌లో బంతి తగలక స్ట్రైక్ అవుట్ అయింది తొమ్మిదిసార్లు. ఈ రోజుల్లో కొందరు ఒక్క వారంలోనే ఆ లెక్క దాటేస్తారు.

మనుషుల్ని గుర్తుపట్టడంలో అతని కన్ను ఎలాంటిదో బాబ్ లెమన్ చూపిస్తాడు. లెమన్ థర్డ్ బేస్, అవుట్‌ఫీల్డ్ ఆడుతూ వచ్చినవాడు. బ్యాటింగ్ సరిపోలేదు. కానీ అతను ఎక్కడి నుంచి విసిరినా బంతి తిన్నగా రాకుండా చివర్లో కిందికి జారేది. ఫీల్డర్‌కి అది లోపం, పిచ్చర్‌కి వరం. బూడ్రో అతన్ని పిచ్చర్‌ని చేశాడు, ఆ పనికి పిచింగ్ కోచ్ మెల్ హార్డర్ మెరుగులు దిద్దాడు. లెమన్ 207 ఆటలు గెలిచి బేస్‌బాల్ దిగ్గజాలకు దక్కే హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్లాడు. అమెరికన్ లీగ్‌లో తొలి నల్లజాతి ఆటగాడు లారీ డోబీ 1947 జూలై 5న ఈ జట్టులోనే అడుగుపెట్టాడు. తెచ్చింది వీక్. లాకర్ గదిలో ఒక్కొక్కరి దగ్గరికీ తీసుకెళ్లి పరిచయం చేసింది బూడ్రో. కొందరు చెయ్యి కలపలేదు. మరుసటి ఏడు జూలైలో నల్లజాతి లీగ్‌ల దిగ్గజ పిచ్చర్, 42 ఏళ్ల శాచెల్ పేజ్‌ని పరీక్షించడానికి బూడ్రో తనే బ్యాట్ పట్టి నిలబడ్డాడు. పేజ్ ఆ సీజన్‌లో ఆరు గెలిచి ఒకటి ఓడాడు.

1948 సీజన్ చివరి రోజుకు క్లీవ్‌లాండ్, బోస్టన్ రెడ్ సాక్స్ 96 గెలుపులు, 58 ఓటములతో సమానంగా నిలిచాయి. అమెరికన్ లీగ్ చరిత్రలో తొలిసారి ఒక్క ఆటతో టైటిల్ తేల్చాల్సి వచ్చింది, అక్టోబర్ 4న, ఫెన్‌వే పార్క్‌లో. బూడ్రో తీసుకున్న నిర్ణయాలు పుస్తకాల్లో ఉన్న సూత్రాలన్నిటికీ ఎదురెళ్లాయి. ఫెన్‌వేలో ఎడమవైపు 37 అడుగుల గోడ చాలా దగ్గరగా ఉంటుంది. అక్కడ ఎడమచేతి పిచ్చర్‌ని దింపితే కుడిచేతి బ్యాటర్లు గోడ దాటించేస్తారని అందరి నమ్మకం. బూడ్రో ఎంచుకున్నది ఎడమచేతి వాటం జీన్ బియర్డెన్‌ని, అదీ రెండు రోజుల కిందటే పూర్తి ఆట వేసినవాణ్ని. కారణం అతని నకుల్‌బాల్. తిరగకుండా తేలుతూ వచ్చి మోకాళ్ల దగ్గర పడిపోయే ఆ బంతిని కొడితే నేలకే తగులుతుంది, గాల్లోకి లేచేది తక్కువ. గోడ భయం గాల్లోకి లేచే బంతికే. రెండోది ఇంకా సాహసం. ఫస్ట్ బేస్‌లో ఎడమచేతి బ్యాటర్ ఎడ్డీ రాబిన్సన్‌ని ఆపి, కుడిచేతి బ్యాటర్ అయిన అవుట్‌ఫీల్డర్ ఆలీ క్లార్క్‌ని నిలబెట్టాడు. పెద్ద లీగ్‌లో క్లార్క్ అంతకుముందు ఎప్పుడూ ఫస్ట్ బేస్ ఆడలేదు. అక్కడ అలవాటులేనివాడు పాదం బేస్ మీద ఉంచి విసుర్లు అందుకోవడంలో తడబడతాడు. ఆ ప్రమాదం తెలిసే, గోడ వైపు కొట్టగలిగే బ్యాట్లు ఎక్కువ ఉండాలని కోరుకున్నాడు. ఆధిక్యం రాగానే క్లార్క్‌ని తీసేసి రాబిన్సన్‌ని దింపాడు.

మొదటి ఇన్నింగ్స్‌లోనే బూడ్రో హోమ్ రన్ కొట్టాడు. నాలుగో ఇన్నింగ్స్‌లో బూడ్రో, జో గోర్డన్ సింగిల్స్ కొట్టి బేస్‌ల మీద ఉన్నారు, ఒక్కరూ అవుట్ కాలేదు. ఆ కాలపు సంప్రదాయం ప్రకారం తర్వాతి బ్యాటర్ బంట్ పెట్టి ఇద్దరినీ ఒక్కో బేస్ ముందుకు జరపాలి. కెల్ట్‌నర్ బ్యాట్ పూర్తిగా ఊపాడు, మూడు పరుగుల హోమ్ రన్. తర్వాతి ఇన్నింగ్స్‌లో బూడ్రో ఇంకోటి కొట్టాడు. నాలుగు అవకాశాలకు నాలుగు హిట్లతో ముగించాడు, బియర్డెన్ తొమ్మిది ఇన్నింగ్స్‌లూ వేశాడు, క్లీవ్‌లాండ్ 8-3తో గెలిచింది. ఇందులో మేనేజర్ గెలిపించింది ఎంత, షార్ట్‌స్టాప్ గెలిపించింది ఎంత అని విడదీయబోతే లెక్క తెగదు. ఆ ఏటి క్లీవ్‌లాండ్ ఘనతకు ఒక మరక కూడా ఉంది. సీజన్ చివరి వారాల్లో సొంత మైదానపు స్కోర్‌బోర్డ్ లోపల టెలిస్కోప్ పెట్టి ఎదుటి క్యాచర్ సైగలు దొంగిలించారని, ఆ టెలిస్కోప్ తను నౌకాదళం నుంచి తెచ్చుకున్నదని ఫెల్లర్ చాలా ఏళ్ల తర్వాత ఒప్పుకున్నాడు. ఫెన్‌వేలో ఆ ఏర్పాటు లేదు కాబట్టి ఆ ఆటకు అది అంటదు.

వరల్డ్ సిరీస్‌లో బోస్టన్ బ్రేవ్స్‌తో మొదటి ఆట మరో పాఠం. ఎనిమిదో ఇన్నింగ్స్, స్కోరు లేదు, సెకండ్ బేస్‌లో బ్రేవ్స్ రన్నర్ ఫిల్ మాసీ. ఫెల్లర్, బూడ్రో కలిసి చాలాకాలంగా సాధన చేసిన ఎత్తు ఒకటుంది. షార్ట్‌స్టాప్ రహస్యంగా సైగ చేస్తాడు, పిచ్చర్ ఒప్పుకుంటున్నట్టు బదులిస్తాడు. ఆ తర్వాత ఇద్దరూ మనసులో ఒకే లయలో అంకెలు లెక్కపెడతారు. ఒక అంకెకు షార్ట్‌స్టాప్ బేస్ వైపు ఉరుకుతాడు, మరుసటి అంకెకు పిచ్చర్ వెనక్కి తిరిగి, అక్కడ మనిషి ఉన్నాడో లేడో చూడకుండానే బేస్ మీదికి విసురుతాడు. లెక్క తప్పితే బంతి సెంటర్‌ఫీల్డ్‌కి పోయి రన్నర్ ఒక బేస్ ఉచితంగా కొట్టేస్తాడు. ఆ రోజు లెక్క తప్పలేదు. బంతి వచ్చింది, బూడ్రో దానితో రన్నర్‌ని తాకి ట్యాగ్ పెట్టాడు. నేషనల్ లీగ్ అంపైర్ బిల్ స్టువర్ట్ నాటౌట్ అన్నాడు. ఫొటోలు చూసినవాళ్లలో చాలామంది అవుటనే అన్నారు. తర్వాత టామీ హోమ్స్ సింగిల్ కొట్టాడు, మాసీ పరుగు తీశాడు. రెండే హిట్లు ఇచ్చిన ఫెల్లర్ 1-0తో ఓడిపోయాడు. సిరీస్ మాత్రం క్లీవ్‌లాండ్ 4-2తో గెలిచింది. ఆ తర్వాత ఆ నగరానికి ఇంతవరకు ఇంకో వరల్డ్ సిరీస్ దక్కలేదు.

అక్కడి నుంచి దిగుడే. బియర్డెన్ మరుసటి ఏడాది ఎనిమిది గెలిచి ఎనిమిది ఓడాడు. యాంకీస్‌కి కొత్తగా వచ్చిన మేనేజర్ కేసీ స్టెంగల్ అతన్ని చిన్న లీగ్‌లో నడిపినవాడు, ఆ నకుల్‌బాల్ చాలాసార్లు స్ట్రైక్ హద్దు (బంతి సరైనదిగా లెక్కకు వచ్చే ఎత్తు) కిందికి పడిపోతుందని ముందే తెలుసు కాబట్టి, దాన్ని కొట్టకుండా వదిలేయమని తన బ్యాటర్లకు చెప్పాడు. బంతి వదిలేస్తుంటే బియర్డెన్ దాన్ని పైకి వేయక తప్పలేదు, పైకి వేస్తే దెబ్బలు తప్పలేదు. బూడ్రో చీలమండలు కూడా మొరాయించాయి. 1950లో జట్టు 92 గెలిచీ నాలుగో స్థానంలో ఆగింది. ఆ నవంబర్‌లో క్లీవ్‌లాండ్ అతన్ని వదిలేసి, మాజీ క్యాచర్ ఆల్ లోపెజ్‌ని తెచ్చుకుంది. లోపెజ్ అదే పునాది మీద ఆరేళ్లూ జట్టును రెండో స్థానానికి తగ్గకుండా నిలబెట్టాడు, 1954లో ఏకంగా 111 గెలిపించాడు. బూడ్రో మేనేజింగ్ మీద అంతకంటే ఘాటైన విమర్శ ఎవరూ రాయనక్కర్లేదు.

1952లో బోస్టన్ రెడ్ సాక్స్ మేనేజర్ అయ్యాడు. నాలుగు ఆటల్లో తప్ప బ్యాట్ పట్టలేదు. ముసలిదైన జట్టును కుర్రాళ్లతో నింపే పని అప్పగించారు. ఎవరిని ఆపడానికి తన పేరుతో ఎత్తు వేశాడో ఆ విలియమ్స్ ఇప్పుడు తన జట్టులోనే, అయితే కొరియా యుద్ధం అతన్ని దాదాపు రెండు సీజన్లు తీసుకుపోయింది. మూడేళ్లలో 229 గెలుపులు, 232 ఓటములు. తర్వాత కాన్సస్ సిటీ అథ్లెటిక్స్, 1955 నుంచి 1957 మధ్య దాకా, 151 గెలుపులు, 260 ఓటములు. ఆ జట్టుతో ఎవరికైనా అంతే అన్నది న్యాయమైన మాటే. శాతాల్లో చూస్తే క్లీవ్‌లాండ్‌లో 52.9, బోస్టన్‌లో 49.7, కాన్సస్ సిటీలో 36.7. క్లీవ్‌లాండ్ అంకెలో ఒక విషయం దాగుంది. అక్కడ తొమ్మిదేళ్లలో ఎక్కువ భాగం మేనేజర్‌కి దొరికిన మేటి ఆటగాడు మేనేజరే. ఆ ఆటగాడు రిటైరయ్యాక మిగిలిన మేనేజర్ బంతి బంతికీ చోటు మార్చుకుంటూ కాకుండా, డగౌట్ మెట్ల మీద నిలబడి దూరం నుంచి చూడాల్సి వచ్చింది. అతనికి తెలిసిన విద్య అక్కడి నుంచి సగమే పనిచేసింది.

1958 నుంచి చికాగో కబ్స్ ఆటలకు రేడియో వ్యాఖ్యాత. 1960 మే నెలలో కబ్స్ యజమాని ఒక విచిత్రమైన మార్పిడి చేశాడు. మేనేజర్ చార్లీ గ్రిమ్‌ని రేడియో గదికి, రేడియో గదిలోని బూడ్రోని డగౌట్‌కి పంపాడు. మిగిలిన సీజన్‌లో కబ్స్ 54 గెలిచి 83 ఓడారు. మరుసటి ఏడాది కబ్స్ అసలు మేనేజరే లేకుండా కోచ్‌లు వంతులవారీగా నడిపే ప్రయోగానికి దిగారు. బూడ్రో తన మైకు దగ్గరికి తిరిగి వెళ్లి 1987 వరకు అక్కడే ఉన్నాడు. 1970లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. అదే ఏడు క్లీవ్‌లాండ్ అతని 5వ నంబరు చొక్కా ఇంకెవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టింది. మేనేజర్‌గా మొత్తం లెక్క 1,162 గెలుపులు, 1,224 ఓటములు. ఆటగాడిగా సగటు .295.